పదో మనిషి

పంతొమ్మిది నాడు ఫ్లయిటు.
వెనకకెల్లి లెక్కబెట్టుకుంట వచ్చిన:
సూది పడ్డంక పది దినాలు దాటితే గాని
పసుపు కార్డు చెల్లదంట.
మా సేటు సంగతి ఎరికే గదా,
బోరు బండి ఓడెక్కి సముద్రంల సగం పోయినంక
ఫోను చేసిండు, “కంపాలకు నువ్వే పోవాలె” అని.

ఇయ్యాల ఎనిమిది.
నారాయణగూడల ఇనుప కుర్చీలు చల్లగున్నయి.
ప్రేమలీల సిస్టర్ తలలు లెక్కబెట్టి
రిజిస్టర్ మూసింది:
“సీసాకు పది మంది. తెరిచినంక నిల్వ ఉండదు.
తొమ్మిది మందే ఉన్నరు, కూసోండ్రి.”

ఐదొందల ఫీట్లు దించినోన్ని,
నల్లరాయిని పిండిచేసి బస్తీలకు నీళ్ళు తాపినోన్ని,
అంగుళం సూదికి నా అరచేతులు తడిసినయి.
చిన్నప్పుడు అడ్డగుట్టల టీకాలోళ్ళొస్తే
నీళ్ళు లేని డ్రమ్ముల దాక్కున్న.
అమ్మ మూత తీసి చెవు పట్టి లేపింది.
ఆ మచ్చ ఇప్పటికీ భుజం మీదున్నది,
పాసుపోర్టు ఫారంల గుర్తు అంటే అదే రాసిన.

గంట గడిచింది. మాటలు కలిసినయి.
బార్కస్ సాలెహ్ భాయ్‌ది దారెస్సలాంల అత్తర్ల దుకాణం.
పిట్టల పుస్తకం పట్టుకున్న పెద్దాయనకు అరవై నాలుగు.
డాక్టరు లోపలికి పిలిచి
ఆ వయసుకు ముప్పు ఎంతో మెల్లగ చెప్పి పంపితే
బయటికొచ్చి మళ్ళ అదే పేజీ తెరిచిండు,
కుర్చీల కెల్లి కదలలే.

గోరింటాకు ఎర్రగున్న కొత్త పెండ్లికూతుర్ని అడిగిండ్రు:
“గుడ్లు పడ్తయా?”
“తింటే గొంతు మూసుకపోతది.”
“అయితే నీకొద్దు,” అన్నడు డాక్టరు.
పెనిమిటి సింహాల బొమ్మలున్న కాగితాలు మడిచి
“మున్నారు పోదాం తియ్, ఏనుగులుంటయి” అంటే
ముక్కు చీదుకుంటనే నవ్వింది ఆ పిల్ల.
ఇద్దరు పోయిండ్రు.
తొమ్మిది ఏడయింది.

పన్నెండింటికి నర్సింగు పిల్లలిద్దరు ఉరుక్కుంట వచ్చిండ్రు.
మళ్ళ తొమ్మిది.
ఇంకొక్క రాడ్డు దించితే ఊట తగుల్తదని తెల్సి
డీజిలు అయిపోయినట్టు.

గప్పుడు చూసిన.
గేటు కాడ బండి మీద కూసొని
మక్కకంకి తింటున్నడు కొమురెల్లి,
నా హెల్పరు. నన్ను దింపుదామని వచ్చినోడు.
“నీ కాడ పాసుపోర్టు ఉన్నది గదరా?”
“ఉన్నది గని ఖాళీ అన్నా. ఒక్క ముద్ర లేదు.”
“తెచ్చుకో పో.”
“వీసా లేదు, టికెట్టు లేదు, నాకెందుకే?”
“ఉరుకు. పైసలు నేను కడ్త.”

నలభై నిమిషాలు. చెమట కారుకుంట వచ్చి నిలబడ్డడు.
“ఎప్పుడు ప్రయాణం?” డాక్టరు అడిగిండు.
వాడు నా దిక్కు చూసి, కిటికీల మబ్బు దిక్కు చూసి,
“వాన లెక్కనే సార్. ఎప్పుడో చెప్పలేం.”
డాక్టరు కలం ఆపి, జర నవ్వి,
రోగాల పేర్లన్ని ఒక్కొక్కటి అడిగి
కాగితం మీద గీత గీసిండు.

సిస్టర్ సీసా తెరిచింది.
పది చొక్కాల చేతులు పైకి.
పెద్దాయన మొదట పోయిండు.
బోరు ఒక్కటే, బిందెలు పది.
నా వంతొచ్చేసరికి కండ్లు మూసుకున్న,
తెరిచేసరికి దూది పెట్టి ఒత్తుతున్నది.

తిరిగొస్తుంటే ముషీరాబాద్ సిగ్నల్ కాడ
వాడు అంగీ జేబుల కెల్లి కార్డు తీసిండు.
“అన్నా, ఇది ఎన్నేండ్లు చెల్లుతది?”
“బతికినంత కాలం.”
పేరు కింద వేలు పెట్టి చదివిండు.
తారీఖు కాడ ఆగిండు.
మళ్ళ పేరు కాడికి పోయిండు.

పచ్చ లైటు పడ్డది. వెనక ఆటోలు మొత్తుకుంటున్నయి.
“పోనియ్యిరా.”
“ఆగన్నా,” అన్నడు,
“జర తుడిచి పెట్టుకుంట,
మక్కకంకి మసి అంటింది.”