ఎడమచేతి వేసవి

ఉగాది మరుసటి రోజు మిద్దె మెట్ల మీద జారాను.
చేతిలో రంగునీళ్ల డబ్బా.
దాన్ని కాపాడబోయి మణికట్టు విరగ్గొట్టుకున్నాను,
డబ్బా కూడా దక్కలేదు.
మూడో మెట్టు ఇప్పటికీ నీలంగానే ఉంది.

"ఆస్పత్రి యాడికి మే, పుత్తూరికి పోదాం పా" అని
చెంగల్రాయులు మామిడి గంపల పక్కన కూర్చోబెట్టుకుని బండి తీశాడు.
వడమాలపేట దాకా ఏడ్చాను.
తర్వాత కొండల అంచులు చూస్తూ మర్చిపోయాను.
ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలు, పాత గుడ్డ.
కట్టు కట్టే పెద్దాయన
నా గోళ్ల సందుల్లో రంగు చూసి అడిగాడు:
"సున్నం కొట్టే పనా తల్లీ?"
"అట్లాంటిదే" అన్నాను.
మూడు కట్లు మారాలంట. రెండు నెలలు.

కరకంబాడి రోడ్డులో నా అద్దె గది.
హోటలాయనకు ఒప్పుకున్న ఆరు కాన్వాసులు
గోడకానుకుని అప్పులవాళ్లలా కూర్చున్నాయి.
అడ్వాన్సు ఎప్పుడో ఖర్చయింది.
మొదటి వారమంతా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను.
మూడే.

రెండో వారం కమరున్నీసా వచ్చింది,
కొంగు ముడిలో బీరగింజలు, కాకరగింజలు.
"కుడిచెయ్యి లేకుంటే విత్తనం మొలవదా ఏంది?"
ఖాళీ రంగు డబ్బాల అడుగున మేకుతో చిల్లులు పొడిచింది.
ఎర్రమన్ను చెంగల్రాయులు తెచ్చాడు,
పేడ ఎవరి దొడ్డిదో నేను అడగలేదు.
ఎడమచేత్తో గుంత తీశాను, వంకరగా వచ్చింది.
గింజకి ఆ పట్టింపు లేదు.

ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు
ఎడమచేతికి బొగ్గుముక్క ఇచ్చాను.
ఇరవై ఏళ్లుగా దానికి ఒకటే పని,
కాగితం కదలకుండా పట్టుకోవడం.
గీత పుట్టడం పక్కనుంచి చూసిందే గాని
నాకూ ఇవ్వమని ఏనాడూ అడగలేదు.
అది గీసిన చెంబు చెంబులా లేదు,
కింద పడబోతూ ఆలోచిస్తున్నట్టుంది.
నవ్వొచ్చింది. చాన్నాళ్లకి.

సాయంత్రాలు మిద్దె మీద చాప పరిచేవాళ్లం.
నేల ఇంకా కాలుతుండేది, బిందెడు నీళ్లు చల్లితే
సుయ్యిమని ఆవిరి.
ఎడమచేత్తో తినకూడదని
ద్రాక్షాయణి సంగటి ముద్దలు ఊరిబిండిలో అద్ది
నా నోట్లో పెట్టేది.
నలభై మూడేళ్ల దాన్ని,
పిట్టపిల్లలా నోరు తెరిచేదాన్ని.

ఒకరోజు తెల్లారి చూస్తే
బీర నులితీగ గాల్లో దారం కోసం వెతుకుతోంది.
అందినట్టే అంది, తప్పింది. మళ్లీ తప్పింది.
సాయం చెయ్యలేదు, గీస్తూ కూర్చున్నాను.
ఇద్దరం ఒకేలా తడబడ్డాం.
ఆ బొమ్మ కమరున్నీసాకి ఇస్తూ
"ఎడమచేత్తో ఇస్తున్నా, ఏమనుకోవద్దు" అంటే
రెండు చేతులా తీసుకుని, చాలాసేపు మాట్లాడలేదు.
ఆమెకి బొమ్మ నచ్చిందో లేదో
ఇప్పటికీ తెలీదు.

మే నెల నడుమ ఒక రాత్రి
శేషాచలం మీద కార్చిచ్చు.
చీకట్లో ఎర్రటి, వణికే గీత.
దాన్ని నా ఎడమచెయ్యే గీయగలదు అనుకున్నాను.
అనుకున్నందుకు సిగ్గేసింది.
అక్కడ ఏవేవో కాలుతున్నాయి కదా.
గీయలేదు. నిద్రా పట్టలేదు.

కట్టు విప్పిన రోజు
కుడిచెయ్యి సన్నగా, పాలిపోయి, పసరు కంపుతో
పొరుగూరి చుట్టంలా ఒడిలో కూర్చుంది.
ముందు ఏం గీస్తానోనని అందరూ చుట్టూ చేరారు.
అది కాన్వాసుల వైపు చూడనైనా చూడలేదు.
గంపలోంచి బేనీషా పండొకటి ఎంచుకుంది.
రసం మోచేతి దాకా కారింది.
ఎడమది ఊరికే ఉండలేక
చాప కింద బొగ్గు కోసం తడుముతోంది.

"హోటలాయన ఫోను" అంది ద్రాక్షాయణి.
నోట్లో టెంక.
రెండు చేతులూ ఖాళీ లేవని చెప్పమన్నాను.