ఒకటి, ఐదు, మూడు

పంతొమ్మిదేళ్లు అది కదల్లేదు.
గొర్రెల దొడ్డి గోడకు ఆనుకుని
నారిన్ గాలికి రంగంతా రాలిపోయి,
ఎడమ టైరు సగం మట్టిలో దిగబడి.
సీటు చిరుగులోంచి గడ్డి మొలిచి, పండి, రాలి, మళ్లీ మొలిచింది.

సమష్టి క్షేత్రం మూతపడ్డ ఏడాది
జీతం బాకీకి బదులు నాన్నకిచ్చిన లారీ.
నాన్న పోయిన నలభయ్యో రోజు
అతిథులు ఇంకా చేతులు కడుక్కుంటుండగానే
పెద్దన్న కల్మురాత్ తిప్పే రాడ్డు పట్టుకుపోయాడు.
తమ్ముడు జుమాదిల్ డిస్ట్రిబ్యూటర్ మూత ఊడదీసి
లోపలి రోటరును, బొటనవేలంత ముక్కను,
జేబులో వేసుకున్నాడు.
ఒకడు తిప్పగలడు, నిప్పు లేదు.
ఒకడి దగ్గర నిప్పుంది, తిప్పలేడు.
ఇద్దరూ ఎడమొహం పెడమొహం,
మధ్యలో లారీ.

ఈ ఏడు కొండమీది ఎండుగడ్డి దించడానికి
కిరాయివాడు అడిగిన డబ్బుకు
రెండు పొట్టేళ్లు పోతాయి.
అందుకని పానాల సంచీ తీశాను.
చెప్పుకోదగ్గ కారణం ఇంకేం లేదు.

గాలి వడగట్టే డబ్బాలో ఎలుకలు కాపురం పెట్టాయి:
ఉన్ని, బార్లీ పొట్టు, నా పెళ్లినాటి రిబ్బను ముక్క కూడా.
ట్యాంకులో పెట్రోలు జిగురై, వార్నిషై,
మూత తీస్తే కళ్లు మండాయి.
ఆరు ప్లగ్గులూ విప్పి
ఒక్కో గుంటలో ఇంత కిరసనాయిలు, ఇంత నూనె,
వద్దంటున్న రోగికి మందు పట్టినట్టు పోసి
వారం వదిలేశాను.
పంపులో పొర పెంకులా పగిలితే
నాన్న వానకోటు కత్తిరించి నాలుగు మడతలు వేశాను.
ఎన్నాళ్లుంటుందో తెలీదు.
పాయింట్లను అగ్గిపెట్టె అంచుతో గీరాను.

రాడ్డు కల్మురాత్ ఇంట్లో జీనుల కింద ఉంది.
"వాడేమన్నా అన్నాడా?"
"అనలేదు."
రోటరు జుమాదిల్ పంచదార డబ్బాలో ఉంది,
నూనెగుడ్డలో చుట్టి. తుప్పు మచ్చయినా లేదు.
ఏటేటా గుడ్డ మారుస్తాడని
వాళ్లావిడ గుమ్మం దాకా వచ్చి చెవిలో చెప్పింది.

ఇక తీగలు ఆరు. ఏది ఎక్కడికో
నాకు పుస్తకం అక్కర్లేదు.
ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు.
ఇంజను మంట అందుకునే వరస అదే.
ఆరుగురం చేతులు చాస్తే
నాన్న రొట్టె పంచే వరసా అదే.
రెండోవాడు రోజూ ఏడ్చేవాడు.
నాలుగోదానికి ఎప్పుడూ మాడిన అంచే.
పుట్టుకలో కల్మురాత్‌కీ జుమాదిల్‌కీ మధ్య మేం ముగ్గురం.
నాన్న లెక్కలో ఆ ఇద్దరి మధ్య ఎవరూ లేరు.
వాళ్ల తర్వాతే నేను.

ఎవర్నీ పిలవలేదు. ఇద్దరూ వచ్చారు.
జుమాదిల్ లోపలెక్కి గడ్డి మీదే కూచున్నాడు.
కల్మురాత్ రాడ్డు దూర్చాడు,
వెనక్కి తన్నితే మణికట్టు విరక్కుండా
బొటనవేలు వేళ్లతో కలిపి, నాన్న నేర్పినట్టే.
మొదటిసారి ఉలుకూ పలుకూ లేదు.
నాలుగోసారి పొలమారినట్టు దగ్గి
ఎలుకల గూడు మిగులు తుస్సున కక్కింది.
ఏడోసారి రాడ్డు ఎదురు తన్నింది.
పెద్దన్న చెయ్యి దులుపుకుని, బానెట్టు వైపే చూస్తూ
"చోకు సగం తగ్గించు" అని అరిచాడు.
లోపల్నుంచి, కాస్త ఆలస్యంగా,
"తగ్గించా."

పంతొమ్మిదేళ్లలో వాళ్లాడుకున్నది అంతే.
ఆ తర్వాత మాటలకు చోటు లేదు.
నల్లపొగ, నీలిపొగ,
దొడ్డిలో గొర్రెలన్నీ ఒక మూలకు,
తలుపులు దడదడ, నా పళ్లు కూడా.
చెవొగ్గి విన్నాను: ఐదే పలుకుతున్నాయి.
నాలుగోదానికి మళ్లీ మాడిన అంచే.
నవ్వొచ్చింది. ఎందుకో వాళ్లకు చెప్పలేదు.

సీసాలో పోసిన పెట్రోలు అయిపోయేదాకా ఆడి ఆగింది.
చీకటి పడ్డాక ఎవరి గుర్రం వాళ్లెక్కారు.
రాడ్డు బంపరుకు ఆనించే ఉంది.
రేపు బ్రేకులు చూడాలి.