పంచనామా

తెల్లారి అయిదున్నరకు షట్టరు సగమే లేపినా,
కింద సందులో నాలుగు జతల బూట్లు.
"జిరాక్సుకు కాదన్నా, మనిషి కావాల" అన్నాడు వీఆర్వో ఢిల్లీబాబు.
వాడికి పేరులోనే ఢిల్లీ,
వెనకాల నిలబడినోళ్ళు నిజంగానే అక్కడి నించి.

సోదాకు ఎవరి పక్షమూ కాని మనుషులు ఇద్దరుండాలంట.
బంగారుపాళ్యం రోడ్డులో, కాయల సీజన్లో,
ఎవరి పక్షమూ కానోళ్ళు యాడ దొరకతారు?
నేనొకణ్ణి, పంచర్లేసే మస్తాన్ ఒకడు.

ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్ల వరస
హైవే దాకా పాకింది.
రెండు రాత్రులుగా తోతాపురి కాయలు
టార్పాలిన్ కింద చెమటలు పోస్తా ఉండాయి.
ట్రాలీ కింద పడుకోనే చెంగల్రాయుడు అడిగినాడు:
"రేటు పెంచేదానికి వచ్చినారా సామీ?"
"కాదన్నా, రేటు యాడ పుట్టిందో చూసేదానికి."
"పుట్టేదేముంది, పలక మీద రాస్తారు గదా"
అని పక్కకు తిరిగినాడు.

నిజమే. ఏడు ఫ్యాక్టరీలు, ఏడు గేట్లు, ఏడు పలకలు.
కిలో ఆరు. అన్నిట్లోనూ ఆరు.
మొన్న ఎనిమిది, అన్నిట్లోనూ ఎనిమిది.
ఏడూళ్ళకు ఒకటే సుద్దముక్క ఉన్నట్టు.

వైజయంతి మేడం వారంటు చదివింది.
అరవ యాస తెలుగు, అయినా ఒక్క మాటా జారలేదు.
తలుపు తెరవమనొచ్చు, తెరవకపోతే పగలగొట్టొచ్చు.
బీరువా, ఫోను, చిత్తుబుట్ట, డ్రైవరు జేబులో డైరీ,
ఏదైనా తీసుకోవచ్చు.
ప్రమాణం చేయించి అడగొచ్చు,
అబద్ధం చెప్తే దానికి వేరే లెక్క ఉండాది.
ఓనరు దామోదరం చొక్కా గుండీలు
ఒక కాజా తప్పించి పెట్టుకోనున్నాడు.
ఆయన్ను అడగకుండా ఆయన కుర్చీ జరిపినోణ్ణి
నా జన్మలో చూడలేదు.
ఈ పొద్దు జరిపినారు. కింద చీమలు.

పదకొండు గంటలకు దొరికింది.
వెంకన్న పటం వెనక కాదు, లాకరులో కాదు,
టిఫిన్ బాక్సులు పెట్టే అరలో, గుండుసూది గుచ్చిన కట్ట.
ప్రతి కాగితం మీదా తేదీ, ఒక వరస:
"రేపు దర్శనం ఆరు గంటలకు."
దాని కిందది: "దర్శనం ఎనిమిదికి."
"ఇంత భక్తా!" అన్నాడు కుర్ర ఆఫీసరు.
మేడం నవ్వలేదు. కిటికీలోనించి పలకను చూసింది,
మళ్ళా కాగితాన్ని చూసింది.

నేనూ చూసినా.
కాగితం ఎడమ పక్కన నల్లటి గీత, వెంట్రుకంత.
నా మిషను అద్దం మీది గీత అది.
మూడేండ్లుగా మార్చలేదు.
దినామూ సాయంత్రం ఒక పిల్లోడు వచ్చేవాడు.
ఏడు కాపీలు, పద్నాలుగు రూపాయలు,
ఇరవై ఇచ్చి చిల్లర వద్దనేవాడు.
ఏం దర్శనమో నేను అడగలేదు.
పొద్దున పలకలు చూసినాక కూడా అడగలేదు.

పంచనామాలో నా పేరు, మా నాయన పేరు, వృత్తి రాసి
పెన్ను చేతికిచ్చినారు.
"ఈ వ్యవహారంతో నాకే సంబంధమూ లేదు" అనే వరస కాడ
చెయ్యి ఆగిపొయ్యింది.
మస్తాన్ మోచేత్తో పొడిచినాడు,
అవతల వాడి కొట్టు మూసి ఉండాది.

"మేడం, ఈ గీత నాది" అన్నా.

ఆమె కాగితాన్ని వెలుతురుకు పెట్టి చానాసేపు చూసింది.
"అయితే మీరు పంచ్‌గా పనికిరారు."
నా పేరు కొట్టేసి, టీ అంగడి కుప్పమ్మను పిలిపించినారు.
నాకు వేరే కాగితం ఇచ్చినారు, సమన్లంట.
తేదీ, టైము, చోటు.
ఇంత కాలానికి నాకూ ఒక దర్శనం టైము.
దామోదరం నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

ఎప్పటికి తేలతాదని అడిగితే
"ఏండ్లు పట్టొచ్చు" అనింది మేడం, బూటు లేసు చూసుకుంటా.
చెంగల్రాయుడు అప్పటికే అయిదుకు ఒప్పుకోని
ట్రాలీ గేటు లోపలికి తోలేసినాడు.
కాయ కారిపోతా ఉంటే ఎవురు ఆగతారు?

రాత్రి షట్టరు దించి, మిషను మూత ఎత్తి,
తడిగుడ్డతో అద్దం తుడవబోయినా.
సాక్ష్యం గదా, తుడవకూడదేమో అని
గుడ్డ పక్కన పెట్టినా.