బెరుకు

పొద్దు నెత్తి మీదికి రావాలె.
మంచు ఆరి, ఎన్నులు నోరు తెరిసే యాళ్లకు
మడికి ఆ దిక్కున మా ఆయన, ఈ దిక్కున నేను,
నడుమ నైలాన్ తాడు.

ఎల్కతుర్తి అవతల మూడెకరాల యాసంగి.
రెండు సాళ్లు మగ వరి, ఎనిమిది సాళ్లు ఆడ వరి.
తాడు గుంజుకుంట పోతే మగది తల ఊపుతది,
పసుప్పచ్చ పొడి లేచి ఆడదాని మీద రాలుతది.
దినాం మూడు సార్లు, పది దినాలు.
ఇది గాలి చేసే పని.
కూలి అడగనిదాన్ని కంపెనోళ్లు నమ్మరు.

మొదటేడు మస్తు నవ్వొచ్చింది నాకు.
వరికి పెండ్లి చేసుడేందని.
"మన పెండ్లికి ఇంత లెక్క చూడలేదు గదనే"
అన్నడు మా ఆయన.
ఇప్పుడు నవ్వం.
అరచేతుల తాడు కోసిన గీతలు,
బోరు మీద బోరు, దాని మీద అప్పు,
ఎన్ను బయటికి రానీకి గ్రాము లెక్కన కొనే తెల్లపొడి.
మడి నీళ్లల్ల ఎండ్రికాయ కనబడక ఎన్నేండ్లాయెనో
మా పిలగానికి దాని బొమ్మ గీసి చూపెట్టిన.

పొడి రాల్చినంక మగ సాళ్లను ముందే కోసేస్తం.
మా ఆయన కొడవలి పట్టినప్పుడు ఏం మాట్లాడడు.

మూడెకరాల వరి నడుమ నిలబడి
రేషన్ బియ్యం సద్ది తింటం.
ఈ వడ్లు తినేటియి కావు, ఇత్తనం.
దాసుకుందామన్నా
రెండో ఏడు ఒక్కో కర్ర ఒక్కో తీరు లేస్తది.
మా మడిల పుట్టినదాన్నే
మళ్లేడు జమ్మికుంట దుకాణంల కొనాలె.

ఆర్గనైజర్ తిరుమల్ బండి గట్టు మీద ఆపి చెప్తడు:
ఎత్తు పెరిగినది, రంగు మారినది,
తొందరపడి పూసినది,
ఏదైనా సరే పీకెయ్యండి, అది బెరుకు.
భయానికీ అదే పేరు.
ఎవరు పెట్టిండ్రో,
ఎవర్ని చూసి ఎవరు భయపడ్డరో.

బాయి కాడ గుంట జాగల
మా అత్త సాంబలచ్చి వరి ఉండేది.
నల్ల మీసాల వడ్లు.
బాలింతలకు జావ కాసేటియి.
యాపాకు, బూడిద, మూతికి పేడ అలుకు,
ఒక కుండల నుంచి ఇంకో కుండలకు
నలభై ఏండ్ల సంది మోసుకొచ్చింది.

"నూరు మీటర్ల లోపల వేరే వరి ఉండొద్దు,
అగ్రిమెంటుల ఉన్నది. మీ అత్తది కల్తీ జేస్తది."
అత్త ఆ మాట రెండు సార్లు అడిగింది.
"ఏది కల్తీ, బిడ్డా? ఏది?"
తిరుమల్‌కు ఫోనొచ్చింది.

మా ఆయనే పీకిండు, తెల్లారకముందే.
అప్పటికే పూతల ఉన్నది.
అత్త గట్టు మీద కూసుండి కట్టలు లెక్కపెట్టింది.
పదిహేడు.
బర్రెకు ఏస్తే
మీసాలు గుచ్చుకొని అదీ మొకం తిప్పుకున్నది.

వడ్లు పోయినయి, సంచికి సంచి, సీలు మీద సీలు.
పెత్రమాస ఇంకో వారమున్నదనంగ ఫోను:
లాట్ ఫెయిల్.
మేడ్చల్ కాడ కంపెనీ మడిల నాటి చూస్తే
వందకు మూడు కర్రలు
అన్నిటికంటే పైకి లేచి నిలబడ్డయట,
నల్లటి మీసాలతోని.

మోటరు పెట్టె పక్కన కూలబడ్డడు మా ఆయన.
మందుల దుకాణం బాకీ, బోరు కిస్తీ,
వేళ్ల మీద ఎంచుతడు, మళ్లీ మొదటికొస్తడు.
నాకేమో కడుపుల మంట,
ఆ మంట కింద
ఎవరికీ చెప్పరాని చల్లదనం ఒకటి.

అత్తకు చెప్పక తప్పలేదు.
అటుక మీది కుండ బోర్లించే ఉన్నది.
యాభై వేలు పోయినయత్తా, అన్న.
ఇన్నదో, ఇని ఇడిసిపెట్టిందో,
"ఎంతెత్తు లేచినయటనే?" అన్నది.
నేను చూసిన్నా?
నడుము దాక, అని నోటికొచ్చింది చెప్పిన.

"కాదు" అన్నది అత్త.
"రొమ్ము దాక వస్తయి.
మంచిగ అడుగు."