ఖాళీ బరువు

పోర్టు గేటు దగ్గర వేబ్రిడ్జి నాది.
లారీ ఖాళీగా లోపలికెళ్ళేటప్పుడు ఒకసారి,
బొగ్గు నింపుకొని వచ్చాక ఒకసారి తూచి
తేడా రాసి చీటీ చింపిస్తాను.
పదిహేడేళ్ళుగా
ఇంతకన్నా పెద్ద లెక్క నాకు పడలేదు.

నలభై రెండో ఏట వేణువు పట్టాను.
పూర్ణా మార్కెట్లో అగరొత్తుల కొట్టు ముందు వేలాడేవి కాదు,
దాలినాయుడు మాస్టారు తన సంచిలోంచి తీసిచ్చింది.
"పగుల్లేదు, శృతి సరిగ్గుంది,
మిగతా తప్పులన్నీ నీవేనమ్మా."

మొదటి ఇరవై రోజులూ స్వరం రాలేదు.
గాలి వచ్చింది,
కుక్కర్ మూత వదులైనప్పుడు వచ్చేలాంటిది.
గ్యాస్ లీకవుతోందేమో చూసుకోమని
పక్క పోర్షన్ నూకరత్నం తలుపు కొట్టింది.
ఈ ఊళ్ళో ఆ మాట నవ్వులాటకి అనరు.

మాస్టారు వాయించమనలేదు,
పడుకోమన్నారు.
చాప మీద వెల్లకిలా,
బొడ్డు మీద సన్నికల్లు పొత్రం పెట్టుకొని.
"రాయి లెగాల. రొమ్ము లెగకూడదు.
ముందు ఖాళీ చెయ్యి, సాంతం ఖాళీ చెయ్యి.
నిండడం దానికదే తెలుసుకుంటాది."

నాకు నవ్వొచ్చింది.
ఖాళీ బరువు ముందు తీయాలని
నాకే చెప్తున్నారీయన!
తీరా చూస్తే
ఇన్నేళ్ళూ పైపైన పీల్చి పైపైనే వదిలాను.
అడుగున ఎప్పటిదో గాలి
ఎవరూ తూచని సరుకులా పడి ఉంది.

నాలుగున్నరకి లేస్తాను.
జ్ఞానాపురంలో మేడ మీద కూర్చోవాలంటే
రాత్రి రాలిన నల్లపొడి తడిగుడ్డతో తుడవాలి,
సరళీ వరసల కన్నా ముందు వరస అదే.
గుడ్డ నలుపు చూడకూడదనుకుంటూనే చూస్తాను.
అప్పుడు షడ్జం.
డాల్ఫిన్ నోస్ మీద దీపం ఒకసారి మెరిసి
మళ్ళీ మెరిసేదాకా
ఒకే ఊపిరి.
డిసెంబర్లో సగం దారిలో వణికి తెగింది.
ఫిబ్రవరిలో ఒక తెల్లారగట్ల
దీపం వచ్చింది, స ఇంకా ఉంది.
గూడ్సు బండి వెళ్ళిపోయాక కూడా ఉంది.
ఆ రోజు టిఫిను మాడింది.

తర్వాత లోపలికంటా గుడ్డ పోనిచ్చి లాగితే
అంచున సన్నటి మసి.
నాదో, ఊరిదో.

రోజూ వాయించానని చెప్పుకోను.
మార్చి నెలాఖరు లెక్కలప్పుడు తొమ్మిది రోజులు ముట్టలేదు.
కేలెండర్లో పాల గీతల పక్కనే నా గీతలు;
పాలు రాని రోజూ తెలుస్తుంది,
నేను రాని రోజూ తెలుస్తుంది.
ఖాళీ గళ్ళని మాస్టారు వేలితో తడిమారు.
తిట్టలేదు.
"ఆదివారం మూడు గంటలు నాకొద్దమ్మా,
రోజూ ఇరవై నిమిషాలియ్యి.
సంద్రం ఆదివారం ఒక్కరోజే ఒడ్డుకొస్తే
ఇసక ఇంత సాపుగుంటాదా?"

నోటుబుక్కులో ప్రతి వరసకీ పెన్సిలుతో చిన్న కొక్కెం:
ఇక్కడ ఊపిరి తీసుకో అని.
ఒకసారి అది దాటేద్దామని చూశాను.
జంట వరసలో, పై స దగ్గర
కళ్ళు చీకట్లు కమ్మి పిట్టగోడ పట్టుకున్నాను.
"కొక్కెం దగ్గర ఆగడానికి సిగ్గేటి?" అన్నారు.
నా ఉద్యోగంలో కొక్కెం ఎక్కడుందో
ఆయన అడగలేదు, నేనూ వెతకలేదు అప్పటికి.

నిన్న మధ్యాహ్నం.
రైలు గేటు దాకా లారీల వరస, హారన్లు, ధూళి.
గుంపస్వామి అద్దం మీద నాణెంతో కొడుతున్నాడు.
మాస్కు కింద నోరు మూసి
పొత్రం లేని బొడ్డు మీద చెయ్యి వేసి
సాంతం ఖాళీ చేశాను.
ఆగాను.
లోపలికి దానంతటదే వచ్చింది,
ఎవరూ రమ్మనకుండానే.

"అమ్మా, చీటీ!"

"ఉండు గుంపస్వామీ," అన్నాను,
"కాంటా ఇంకా సున్నాకి రాలేదు."

వాడు కాంటా వైపు చూశాడు.