కొత్తదాని కింద లెక్క

ఇంజన్ చప్పుడు చెవిన పడందే
పడవ బేరమాడని మనిషి మా ఆల్సీడ్.
పీతల వేట మొదలయ్యే ముందు రేవులో
మూత ఎత్తించి, నూనె వేలికి రాసుకుని,
వాసన చూశాక గానీ ధర అడగడు.
అలాంటివాడు
ఫొటో చూసి ఊపిరి కొన్నాడు.

కారకెట్‌లో డీలరు చెప్పిన ధర రెండు వేల ఒక వంద డాలర్లు.
తెర మీద అదే బొమ్మ, అదే బూడిదరంగు డబ్బా
ఏడు వందల నలభై.
"పెట్టె తెరిచాం, అంతే. కొత్తదాని కిందే లెక్క"
అని రాశారు.
ఆ 'కింద' దగ్గర నేను ఆగాల్సింది.

ఆగలేదు. ఆ రోజుల్లో నా లెక్కలు వేరు.
చీకట్లో గురక తెగిపోతుంది.
ఒకటి, రెండు, మూడు...
పదకొండు దగ్గర మంచం అంచు పట్టుకుంటాను.
పద్దెనిమిది దగ్గర మోచేత్తో పొడుస్తాను.
ఇరవై ఏడు దాకా పోయిన రాత్రి
తెల్లారకుండానే కార్డు నంబరు కొట్టింది
నేనే. అతను కాదు.

పెట్టె వచ్చింది.
టేపు మీద టేపు.
మాస్కు పెట్టుకుని ఆల్సీడ్ నవ్వితే
గొట్టం కూడా కదిలింది.
ఎనభై ఒక్క రాత్రులు నిద్రపోయాను,
అది దాచను.
షాలూర్ అఖాతం మీద గాలి ఎంత అరిచినా
నాకు తెలియనే లేదు.

ఎనభై రెండో రాత్రి డబ్బాలో దోమ దూరినట్టు రొద.
ఆల్సీడ్ చెవి ఆనించి
"బేరింగు" అన్నాడు.
అప్పుడు విన్నాడు చప్పుడు.

కంపెనీ ఫోన్లో అమ్మాయి పేరు మిరేయ్.
మంచి పిల్ల. గొంతులో జలుబు.
"మీకు అమ్మినవాళ్ళు మా జాబితాలో లేరమ్మా.
వారంటీ మొదటిసారి కొన్నవాళ్ళకే.
చేతులు మారితే చెల్లదు."
మొదటివాళ్ళం మేమే అన్నాను.
"ఒకసారి రెండు బటన్లూ కలిపి నొక్కి పట్టుకోండి.
నడిచిన గంటలు వస్తాయి, నాకు చదవండి."

రెండు వేల నాలుగు వందల ఎనభై ఒకటి.

కరెంటు బిల్లు వెనక తీసివేత చేశాను, రెండుసార్లు.
రాత్రికి ఏడు చొప్పున మావి అయిదు వందల అరవై ఏడు.
మిగిలినవి పందొమ్మిది వందల పద్నాలుగు.
"యుద్ధం మొదలైన ఏడు" అన్నాడు ఆల్సీడ్,
ఎవరూ నవ్వలేదు.

తొమ్మిది నెలల రాత్రులు.
ఎవరివి?
వడపోత గుడ్డలో ఒక తెల్ల వెంట్రుక దొరికింది,
పొట్టిది, బిరుసుది.
మా పిల్లి ఎర్రది.
తెల్ల కుక్క ఉన్న ఇల్లన్నమాట.
ఆ మనిషికి బరువు తగ్గి జబ్బు నయమైందా,
వాయిదాలు కట్టలేక డబ్బా వెనక్కిచ్చాడా,
లేక
కూతురెవరో అలమర ఖాళీ చేస్తూ
దీన్ని కూడా అట్టపెట్టెలో పడేసిందా?
అతని పక్కన ఎవరు లెక్కపెట్టేవారో.
ఎంతవరకు లెక్కపెట్టారో.

అమ్మినవాళ్ళు రెండు ముక్కల్లో జవాబిచ్చారు:
ముప్పై రోజుల గడువు దాటింది. ధన్యవాదాలు.
చిరునామా వెతికితే
ఒక పెట్రోలు బంకు పక్కన పోస్టు డబ్బా.

ఇప్పుడు డీలరు దగ్గర అద్దెకు తెచ్చాం,
నెలకు తొంభై.
చవకబేరం ఎంతకు తేలిందో
నేను కూడలేదు, ఆల్సీడ్ అడగలేదు.
పాతది వంటింటి బల్ల మీద విప్పి ఉంది,
నక్షత్రం తల స్క్రూలు సాసరులో.
"విడిభాగాలకైనా ఎవరో కొంటారు.
ప్రకటన నువ్వే రాయి, నీ ఫ్రెంచి బావుంటుంది" అంటాడు.

రాశాను.
నడిచిన గంటలు రెండు వేల నాలుగు వందల ఎనభై ఒకటి.
ఇద్దరు పడుకున్నారు, ఒకరు మా ఆయన.
బేరింగు పోయింది.
వారంటీ లేదు, మాకూ లేదు.
కొనేముందు వచ్చి చప్పుడు వినండి,
కాఫీ ఇస్తాం.

ధర దగ్గర
చాలాసేపు కూర్చుని
ఖాళీగా వదిలేశాను.