తడి ఆరేలోపు

కర్నూలు రోడ్డు ఫ్లైఓవర్ నీడలో
ఖాజా గారి కంప్యూటర్ షాపు.
గాజుబల్ల మీద రెండు డబ్బాలు పెట్టి
మా తమ్ముడి వైపు తిరిగి అడిగాడు:
"ఏం ఆటలాడతావు అబ్బాయ్?"
"నేను కాదు, మా అక్క" అన్నాడు వాడు
చెరుకురసం గ్లాసులోకి చూస్తూ.

అప్పుడు నాకేసి చూశాడు.
ధర తగ్గించలేదు గానీ
కుర్చీ తుడిచాడు.

ఎర్ర డబ్బాలో పదహారు జీబీ,
మూడు ఫ్యాన్లు, కోడిపుంజంత బరువు.
పచ్చ డబ్బాలో ఎనిమిదే.
పైగా రెండు వేల ఎనిమిది వందలు ఎక్కువ.
"లెక్క ప్రకారం ఎర్రదేనమ్మా,
నాలుగేళ్లు వెనక్కి తిరిగి చూడక్కర్లేదు.
పచ్చదాంట్లో వెలుతురు బాగుంటది, అంతే."

అంతేనా.

నా పనే వెలుతురుతో.
చీమకుర్తిలో పాలిషింగ్ యూనిట్లో
పలకల మీద పగుళ్లకు గీత గీస్తాను.
లైను మీంచి నల్లరాయి తళతళా దిగుతుంది,
లోపలి బంగారు చుక్కలన్నీ ఒకే గొంతుతో
బాగున్నాం బాగున్నాం అంటాయి.
నమ్మకూడదు.
మగ్గుతో నీళ్లు కొట్టి నిలబడాలి.
రాయంతా ఆరిపోయాక కూడా
పగులొక్కటే కాసేపు తడి దాచుకుంటుంది,
వెంట్రుకంత.
ఆ కాసేపట్లో చాక్‌పీసు పెట్టాలి.
తప్పిందా, కంటైనర్ ఎక్కుతుంది.
ఎక్కిందంటే నా జీతంలో దిగుతుంది.

వేబ్రిడ్జి గదిలో ఓ మూలపడ్డ కంప్యూటరుంది.
నైట్ షిఫ్టులో లారీలు రానప్పుడు
సైదులన్న నేర్పాడు నాకు గుర్రమెక్కడం.
ఆ తెరలో కొండలన్నీ ఉడికిన ఉప్మాలా ఉండేవి.
అయినా ఎక్కాను.

ఏడు నెలల ఓవర్‌టైం ఇప్పుడు
బ్యాగులో, టిఫిన్ డబ్బా కింద.

"రెండూ వేసి చూపించండి" అన్నాను.
"అట్టా ఎవరూ అడగరమ్మా" అంటూనే
స్క్రూడ్రైవర్ తీశాడు.

ముందు ఎర్రది.
తెర మూలన అంకె నూటపది, నూటఇరవై.
తమ్ముడు గ్లాసు పక్కన పెట్టేశాడు.
గుర్రం పరిగెత్తింది, కోట వచ్చింది, వాన వచ్చింది.
నేను గుర్రం దిగి
కోట గుమ్మంలో రాతిగచ్చు దగ్గర ఆగాను.
ఎంత వానకీ ఆ రాయి తడవలేదు.
నూనె రాసిన రెక్సిన్‌లా మెరిసింది.

తర్వాత పచ్చది.
అంకె అరవై, ఒక్కోసారి నలభై ఎనిమిది.
గుర్రానికి నత్తి వచ్చింది.
"చూశావా" అన్నారు ఇద్దరూ ఒకేసారి.
చూశాను.
గుమ్మంలో ఎవరో దీపం పట్టుకుని నడిచిపోయారు.
ఆ దీపం గచ్చు మీద పడి
గచ్చు మీంచి గోడకెక్కి
గోడ మీంచి వచ్చి నా గుర్రం కడుపు కింద
వెచ్చగా తాకింది.
మా ఫ్యాక్టరీలో మధ్యాహ్నం మూడింటికి
రేకుల సందులోంచి అట్టాగే దిగుద్ది,
ఎవరూ దారి చెప్పకుండా.

"ఎనిమిది జీబీ రెండేళ్లకి చాలదక్కా"
తమ్ముడు చెవిలో గొణిగాడు. నిజమే.
"ఆలోచించుకో, బిల్లు కొట్టాక మార్చను"
ఖాజా గారన్నాడు. అదీ నిజమే.
వాళ్ల మాటల్లో పగులు లేదు,
నీళ్లు కొట్టి మరీ చూశాను.

బిల్లు ఎవరి పేరునంటే
బత్తుల రూతు అని చెప్పాను,
పచ్చ డబ్బా మీద చెయ్యేసి.

సంతనూతలపాడు దాటాక మా బస్సు
రాళ్ల లారీ వెనక ఇరుక్కుంది.
తమ్ముడు నాతో మాట్లాడలేదు.
డబ్బాని మాత్రం వాడే ఒళ్లో పెట్టుకుని
గుంట వచ్చినప్పుడల్లా పైకెత్తాడు.

రాత్రి పదకొండు.
కోటలో వాన వెలిసింది.
"యాభై రెండు" అన్నాడు తమ్ముడు
దుప్పట్లోంచి, నిద్రపోతున్నట్టు నటిస్తూనే.
గచ్చు ఆరుతోంది
అంచుల నుంచి లోపలికి, మెల్లగా.
గుమ్మానికి ఎడమ పక్క, మూడో పలకలో
వెంట్రుకంత తడి
ఇంకా ఆరలేదు.

నా చెయ్యి మౌసు వదిలేసి
చున్నీ ముడిలో చాక్‌పీసు వెతికింది.